మాగని ఎరువు, మాట్లాడని తోడికోడలు

అనంతపురం నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. మొత్తం అచ్చు వేసే చోటు లేదు కనుక, ఆమె మాటలు వీలైనంతవరకు ఉంచి సారాంశం ఇస్తున్నాను.

ఆమె వయసు 46. మామగారు పోయాక పాత ఇల్లు రెండు వాటాలైంది. ఒకటి వీరిది, రెండోది మరిదిది. మధ్యలో గోడ లేచింది కానీ వెనక పెరడు మాత్రం ఉమ్మడిగానే ఉండిపోయింది. వేపచెట్టు, బోరు, బట్టలుతికే బండ, మామగారు నాటిన కరివేపాకు చెట్టు అన్నీ అక్కడే. అత్తగారు నెలకొక వాటాలో ఉంటారు. ఈమెకు మొక్కల పిచ్చి. మల్లె, గులాబి, నిమ్మ, వంగ, టమాటా పెంచుతున్నారు. 30 రోజుల్లో కంపోస్టు సిద్ధమని ఒక వీడియోలో చూసి, కిందటి జూన్‌లో రెండు నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు కొన్నారు. అడుగున ఒక్క రంధ్రం చేయించి, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, సాంబారు, కాయలు వలిచే మిల్లులో ఊరికే ఇచ్చిన వేరుశనగ పొట్టు, ఒక బస్తా పచ్చి పేడ వేసి మూత బిగించారు. కారే నల్లనీళ్లు మొక్కలకు మంచి బలమని విని, కింద వెడల్పాటి టబ్బులు పెట్టారు. నీడ ఉంటుందని వాటిని ఉంచింది తోడికోడలి వంటింటి కిటికీ కింద.

40 రోజులకు సరుకు నల్లబడింది. తీసి, పాదుల్లో రెండంగుళాల మందాన పరిచి మట్టిలో కలియదవ్వారు. రెండు వారాలు తిరిగేసరికి టమాటా మొక్కల కింది ఆకులు పసుపెక్కాయి. వంగ ఎదుగూ బొదుగూ లేకుండా నిలిచిపోయింది. డ్రమ్ముల నుంచి వాసన, ఈగలు, అడుగున వేలెడు లావు తెల్ల పురుగులు. ఆదోనిలో ఉన్న ఆమె అక్క రెండేళ్లుగా ఇదే పని చేస్తుంటే అక్కడ గులాబీలు గుత్తులుగా పూస్తున్నాయి. "మా అక్క చేతికి వచ్చింది నా చేతికి ఎందుకు రాలేదు?" అని అడుగుతున్నారు.

అక్టోబరులో మరిది కొడుక్కి, తొమ్మిదేళ్లవాడికి, డెంగీ వచ్చింది. "నీ కుళ్లు డబ్బాల వల్లే నా బిడ్డ ఆసుపత్రి పాలయ్యాడు" అని తోడికోడలు వీధిలో నలుగురూ వినేలా అరిచింది. అప్పటినుంచి మాటల్లేవు. దీపావళికి పిల్లలను కూడా ఇటువైపు రానివ్వలేదు. "గుప్పెడు యూరియాతో పోయేదానికి ఇంత రభస ఎందుకు, తీసి పారెయ్" అంటున్నారు భర్త. "దిబ్బ లేని ఇల్లు మన ఊళ్లో ఉండేదా?" అంటారు అత్తగారు. కంపోస్టుతో నిజంగా మేలు ఉందా, లేక తాను పిచ్చిదానిలా చెత్తను పోగు చేసుకుంటున్నానా? డ్రమ్ములు తీసేయాలా? తోడికోడలితో మాటలు కలిసేది ఎలా? ఇవి ఆమె ప్రశ్నలు. చివర్లో కోడిగుడ్డు పెంకుల గురించి చిన్న సందేహం.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. టమాటా ఆకులు ఏ వరుసలో పసుపెక్కాయో పేజీన్నర రాశారు. పిల్లవాడు ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్న సంగతికి మాత్రం సగం వాక్యం ఇచ్చారు: "మా వారు వెళ్లి చూసి వచ్చారు". దాని దగ్గరికి తరువాత వస్తాను. ముందు దోమ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీ మీద పడిన నింద అదే.

డెంగీని మోసే దోమ కుళ్లిన చెత్తలో పుట్టదు. దానికి నిలిచిన నీరు కావాలి, అదీ తేటగా ఉన్న నీరు. కొళాయి రోజూ రాని మన ఊళ్లలో ప్రతి ఇంట్లోనూ మూత సరిగా పడని డ్రమ్ము, తొట్టి, బానలు ఉంటాయి. దాని అసలు కాపురం అక్కడ. గుడ్డు నుంచి రెక్కల దోమ అయ్యేవరకు వారం పది రోజులు చాలు. కనుక మీ డ్రమ్ములో ఉన్న కుళ్లు వల్ల ఆ జ్వరం రాలేదు. ఈగలు వచ్చింది మాత్రం మీ డ్రమ్ముల వల్లే.

ఇక్కడితో ఆగితే మీకు సంతోషంగా ఉండేది. కానీ డ్రమ్ముల కింద టబ్బులు పెట్టానని మీరే రాశారు. సెప్టెంబరు వానలకు అవి నిండి పలచబడి ఉంటాయి. "అప్పుడప్పుడు పారబోసేదాన్ని" అన్నారు. ఆ అప్పుడప్పుడు వారం దాటి ఉంటే, అక్కడ దోమలు పుట్టలేదని మీరూ నేనూ ప్రమాణం చేయలేం. పిల్లవాడిని కుట్టిన దోమ మీ టబ్బులోదో, వాళ్ల బాత్రూం తొట్టిలోదో, బడిలోదో ఎవరూ చెప్పలేరు. కాబట్టి మీరు నేరస్థులు కారు, అలాగని పూర్తిగా నిర్దోషులు అని కూడా నేను రాసి ఇవ్వలేను. ఈ ఉత్తరం అందిన రోజే ఆ టబ్బులు తీసేయండి. పారబోయడంతో సరిపెట్టకుండా లోపలి గోడలు పీచుతో రుద్ది కడగండి. దోమ గుడ్లు నీటి అంచుకు పైన అంటుకుని, ఎండినా నెలల తరబడి బతికి ఉంటాయి.

ఆ నల్లనీళ్లను మొక్కలకు పోస్తున్నానన్నారు. మానేయండి. గాలి ఆడని డ్రమ్ము నుంచి కారేది కుళ్లు రసం, దాన్ని బలమని అమ్మేవాళ్ల మాట నమ్మకండి. డ్రమ్ములో తడి సరిగ్గా ఉంటే అసలు నీరే కారదు.

ఇప్పుడు టమాటా. కింది ముదురాకులు ముందు పసుపెక్కి, పైచిగురు ఆకుపచ్చగానే ఉండటం నత్రజని తక్కువైందనడానికి గుర్తు. మొక్క తన దగ్గర ఉన్న కాస్త నత్రజనిని ముసలి ఆకుల నుంచి లాగి చిగురుకు పంపుకుంటుంది. చిగురాకులే పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి ఉంటే అది ఇనుపధాతు లోపం. సున్నం ఎక్కువగా ఉన్న బోరు నీళ్లతో పెంచే మన నిమ్మకు, గులాబికి తరచుగా వచ్చే జబ్బు అది. మీరు వర్ణించింది మొదటిది. ఎరువు వేస్తే నత్రజని తగ్గడం ఏమిటని మీకు వింతగా ఉంది కదా. జరిగింది ఇది. వేరుశనగ పొట్టు దాదాపు కట్టెలాంటిది. కర్బనం దండిగా, నత్రజని బహు స్వల్పంగా ఉంటుంది. దాన్ని తిని చివికించే సూక్ష్మజీవులకు సుమారు 25 నుంచి 30 పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని కావాలి. ఆ పాలు పొట్టులో దొరకకపోతే చుట్టూ ఉన్న మట్టి నుంచి లాక్కుంటాయి. మీరు సగం చివికిన పొట్టును తీసుకెళ్లి నేరుగా వేళ్ల మధ్య కలియదవ్వారు. పంక్తిలో మీ టమాటా కూర్చుంటే, ఎదురుగా లక్షల మంది ఆకలిగొన్నవాళ్లను కూర్చోబెట్టినట్టు అయింది. ఆ పొట్టు పూర్తిగా చివికాక ఆ నత్రజని మళ్లీ మట్టికే వస్తుంది. అప్పటిదాకా మీ టమాటా ఆగాలి కదా.

"నల్లబడింది" అన్నది మాగినదానికి గుర్తు కాదు. గాలి లేక కుళ్లినది కూడా నల్లగానే ఉంటుంది. పశువుల ఎరువు గురించి పెద్దవాళ్లు "మాగిన ఎరువు" అని ఊరికే అనలేదు. మాగినదాన్ని చేతిలోకి తీసుకుంటే తొలకరి వానకు తడిసిన నేల వాసన రావాలి. వేసిన వస్తువు ఏదో గుర్తుపట్టరాకూడదు. మీ ఎరువులో పొట్టు డొప్పలు డొప్పలుగా కనబడుతూనే ఉందని మీరే రాశారు. ఇంకా అనుమానం ఉంటే రెండు పరీక్షలు చేయండి. గుప్పెడు తడి ఎరువును సీసాలో వేసి బిరడా బిగించి మూడు రోజులు ఉంచండి. తీయగానే ముక్కు మూసుకోవలసి వస్తే అది ఇంకా పచ్చిది. రెండోది మెంతుల పరీక్ష. రెండు పాత గ్లాసులు తీసుకుని అడుగున చిల్లు పెట్టండి. ఒకదానిలో ఉత్త మట్టి, ఇంకోదానిలో సగం మట్టి, సగం ఎరువు. రెంటిలోనూ పదేసి మెంతిగింజలు. అయిదారు రోజుల్లో ఎరువు గ్లాసులో ఎన్ని మొలిచాయో లెక్కపెట్టండి. ఎరువు గ్లాసులో మూడు, ఉత్త మట్టిలో తొమ్మిది అయితే ఇంకో నెల ఆగాలి. వీడియో వాళ్ల 30 రోజులు మిషన్లో పొడి చేసి, రోజూ తిరగేసే సరుకుకు సరిపోతాయేమో. మీ డ్రమ్ముకు మూడు నాలుగు నెలలు పడుతుంది. పొట్టు ఎక్కువైతే ఇంకా ఎక్కువ. పెద్ద కుప్ప అయితే లోపల 60 డిగ్రీల దాకా వేడెక్కి త్వరగా మాగుతుంది. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు లేని కుప్ప ఆ వేడిని నిలుపుకోలేదు. డ్రమ్ము సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఈ తప్పు మీ ఒక్కరిదే అనుకోకండి. కడపలో అద్దె ఇంట్లో ఉన్న రోజుల్లో నేను కనకాంబరం కుండీల్లో పచ్చి పేడ పెట్టి, పది రోజుల్లో చెదలు పట్టించుకున్నాను. పక్కింటావిడ నాతో ఏమీ అనలేదు కానీ, ఆ తరువాత తన కుండీలు మా గోడకు దూరంగా జరుపుకుంది.

ఇప్పుడున్న మొక్కలను దక్కించుకోవచ్చు. పాదుల్లో పైపైన ఉన్న పొట్టును చేత్తో తీసి మళ్లీ డ్రమ్ములో వేయండి. నూనె తీయగా మిగిలే వేరుశనగ చెక్కను గుప్పెడు తీసుకుని రెండు రోజులు నానబెట్టి, బాగా పలచన చేసి పాదులకు పోయండి. వంగకు అది చాలు. టమాటా కాపు మీద ఉంటే ఆలస్యం పనికిరాదు. లీటరు నీటికి అయిదు గ్రాముల యూరియా కరిగించి ఒకసారి పోయండి. మీ వారి మాట నెగ్గుతుందని వెనకాడవద్దు. ఆయన లెక్క నత్రజని వరకు సరైనదే. యూరియాలో నత్రజని 46 శాతం. ఇంట్లో చేసిన మంచి కంపోస్టులో ఒక శాతం అటూ ఇటూ. అంటే కిలో యూరియా ఇచ్చే నత్రజనికి మీరు 46 కిలోల కంపోస్టు మోయాలి. ఆ పందెంలో కంపోస్టు ఎన్నడూ గెలవదు. కంపోస్టు మేలు అంటే బలం, బలం అంటే నత్రజని అని మీరూ ఆయనా ఒకే తక్కెడ పట్టుకుని వాదించుకుంటున్నారు.

కంపోస్టు మేలు చూడాలంటే మీ పెరటి మట్టిని చూడాలి. మనది ఎర్రనేల. గరుసు ఎక్కువ, లోతు తక్కువ, సేంద్రియ కర్బనం మరీ తక్కువ. ఒక వాన పడి ఎండిందంటే పైన పెంకు కడుతుంది. మళ్లీ నీళ్లు పోస్తే ఆ పెంకు మీద జారి పాదు దాటిపోతాయి, లోపలికి దిగినవి గరుసులోంచి కిందికి జారిపోతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే చోట, ఆషాఢం గాలి తువ్వాలును పది నిమిషాల్లో ఆరబెట్టే చోట, మొక్కకు ముందు కావలసింది నీటిని కాసేపు పట్టి ఉంచే మట్టి. ఆ పని యూరియా చేయలేదు. మాగిన కంపోస్టు జిగురులా పనిచేసి మట్టి రేణువులను చిన్న చిన్న గుళికలుగా పట్టి ఉంచుతుంది. ఆ గుళికల్లో నీరు నిలుస్తుంది, గుళికల మధ్య గాలి ఆడుతుంది, పైన పెంకు కట్టదు. భాస్వరం, పొటాష్, ఇనుము, జింకు వంటివి కొద్దికొద్దిగా, నెలల తరబడి అందుతాయి. వానపాములు వాటంతట అవే వస్తాయి. నమ్మకం కుదరకపోతే మీ వారినే పిలిచి చూపించండి. రెండు ప్లాస్టిక్ సీసాల అడుగు కోసి తలకిందులుగా నిలబెట్టండి. మూతికి గుడ్డ కట్టి, ఒకదానిలో ఎండిన పెరటి మట్టి, రెండోదానిలో మూడోవంతు మాగిన కంపోస్టు కలిపిన అదే మట్టి నింపండి. చెరొక గ్లాసు నీళ్లు పోసి, కిందికి ఎంత కారిందో కొలవండి. మే నెలలో మీరు ఎన్ని బిందెలు మోయాలో ఆ తేడా చెబుతుంది.

మీ అక్క చేతి మహిమ కూడా ఇక్కడే తేలిపోతుంది. ఆదోని చుట్టుపక్కల నల్లరేగడి. పత్తి పండే ఆ నేల నీటిని, పోషకాలను తానే గట్టిగా పట్టుకుంటుంది. దానికి ఉన్న రోగం వేరు: తడిస్తే బంక, ఎండితే బీటలు. అక్కడ కంపోస్టు మట్టిని గుల్ల చేస్తుంది. కాస్త పచ్చిది పడినా ఆ నేల ఓర్చుకుంటుంది, మన గరుసునేల ఓర్చుకోదు. పైగా రెండేళ్లుగా చేస్తున్నవాళ్ల దగ్గర అడుగున ఎప్పుడూ మాగినదే ఉంటుంది. ఇంకో ఏడాది గడిస్తే మీ చేతిని చూసి మీ అక్కే అడుగుతుంది.

ఎక్కువ వేస్తే ఎక్కువ మేలన్న భ్రమ కూడా వద్దు. కుండీ మట్టిలో మూడోవంతుకు మించకూడదు. పాదుల్లో రెండు మూడు నెలలకు ఒకసారి అంగుళం మందం చాలు. కంపోస్టులోనూ లవణాలు ఉంటాయి, మన బోరు నీళ్లలో అంతకంటే ఎక్కువ ఉంటాయి. రెండూ కలిసి పేరుకుంటే ఆకుల అంచులు మాడతాయి.

వాసన గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మీ డ్రమ్ములో తడి ఎక్కువ, గాలి సున్నా. కుళ్లిన గుడ్డు వాసన వస్తే గాలి లేదని, ముక్కు మండే ఘాటు వస్తే పచ్చి తొక్కలు, పేడ ఎక్కువయ్యాయని అర్థం. గంపెడు వంటింటి తొక్కలకు రెండు గంపల ఎండాకులు పడాలి. డ్రమ్ము చుట్టూ జానెడు దూరానికొక రంధ్రం ఉండాలి, అడుగున ఇటుకలు పెట్టి ఎత్తాలి, వారానికోసారి తిరగెయ్యాలి. గుప్పిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, ధార కట్టకూడదు. అన్నం, సాంబారు, పెరుగు, నూనె వంటకాలు చిన్న డ్రమ్ములో వేయకండి. వాసన సంగతి అటుంచి, పందికొక్కులను మీరే పిలిచినట్టు అవుతుంది. పొట్టును పేడనీళ్లలో నానబెట్టి కొంచెం కొంచెంగా వాడండి, లేదా మల్లె పాదు మీద పైన పరచండి. మట్టిలో కలపకుండా పైన పరిస్తే నత్రజనిని అంతగా లాగదు, ఎండను ఆపుతుంది.

తెల్ల పురుగుల సంగతి తమాషాగా ఉంటుంది. ఒకదాన్ని తీసి గచ్చు మీద వేసి చూడండి. వెల్లకిలా తిరిగి, వీపు మీద పాకుతూ పోతే అది చివికిన చెత్త తిని బతికే పెంకుపురుగు పిల్ల, మీకు పని చేసిపెట్టే కూలి. దాన్ని డ్రమ్ములోనే వదిలేయండి. అలా పాకకుండా వంకర తిరిగి పక్కకు పడుకుంటే, అది వేళ్లు కొరికే జాతి కావచ్చు. వేరుశనగ రైతులు తిట్టుకునే వేరుపురుగు ఆ బాపతే. అలాంటివి ఏరి కోళ్లకు వేయండి. కుండీల్లోకి మాత్రం ఏ పురుగునూ పోనివ్వకండి.

ఇక మీ తోడికోడలు.

"కరివేపాకు అడగకుండా తుంచుకుపోయేటప్పుడు వాసన రాలేదా?" అని ఎత్తిపొడుపుగా రాశారు. ఆ చెట్టు మామగారు నాటిందని రెండో పేజీలో మీరే రాశారు. అడగవలసిన అవసరం ఆమెకు లేదు. అడగవలసిన అవసరం ఉన్నది డ్రమ్ములు పెట్టినప్పుడు మీకు. ఉమ్మడి పెరట్లో, ఆమె పొద్దున కాఫీ కాచుకునే కిటికీ కింద, ఒక్క మాట చెప్పకుండా పెట్టారు. జూన్ నుంచి అక్టోబరు దాకా ఆమె ఏమైనా అన్నదా అని ఉత్తరమంతా వెతికాను. "కిటికీ మూసుకుని మూతి ముడుచుకునేది" అన్న మాట తప్ప ఏమీ దొరకలేదు. నాలుగు నెలలు ఆమె ఓర్చుకుంది. ఎండాకాలం పోయాక కూడా కిటికీ మూసుకుని వంట చేసుకుంది. తరువాత బిడ్డకు జ్వరం వచ్చింది, ప్లేట్‌లెట్లు తగ్గుతున్నాయని రోజుకోసారి విన్నది. అయిదు రోజులు ఆ వార్డు బయట కూర్చున్నప్పుడు, ఆ పిల్లవాడు పెద్దమ్మా అని పిలిచే మనిషి రాలేదు. ఆమె అరిచిన మాటలో దోమ గురించి ఉన్నది తప్పు. ఆ అరుపు అసలు దోమ గురించేనా అని నాకు సందేహం.

ఎందుకు వెళ్లలేదో మీరు రాయలేదు. అరిచింది కాబట్టి వెళ్లలేదా, వెళ్లలేదు కాబట్టి అరిచిందా అన్నది కూడా ఉత్తరంలో స్పష్టంగా లేదు. మీకు తెలుసు.

మీ ముందు కొన్ని దారులు ఉన్నాయి. డ్రమ్ములు పూర్తిగా తీసేయవచ్చు. తడిచెత్త మునిసిపాలిటీ బండికి ఇచ్చి, మొక్కలకు ఏడాదికి రెండు బస్తాల మాగిన పశువుల ఎరువో వర్మికంపోస్టో కొనుక్కోవచ్చు. మట్టికి జరిగే మేలులో తేడా ఏమీ ఉండదు. వాసన పోతుంది, మీ వారు సంతోషిస్తారు. అయితే ఏమీ మాట్లాడకుండా తీసేస్తే, డెంగీ మీ వల్లే వచ్చిందని మీరు ఒప్పుకున్నట్టు వీధి వీధంతా అనుకుంటుంది. రేపు ఇంకోదానికి మీరు దెబ్బకు దెబ్బ తీస్తారు.

మేడ మీదికి ఎక్కించవచ్చు. కిటికీకి దూరమవుతుంది, పెరటి పేచీ ఉండదు. కానీ రోజూ మెట్లెక్కాలి. ఏప్రిల్, మే నెలల్లో 40 దాటే ఎండకు డ్రమ్ము ఎండి, మాగడమే ఆగిపోతుంది. నీడకు వల కట్టి రెండు రోజులకోసారి నీళ్లు చల్లాలి. తడి దిగి స్లాబుకు మరకలు పడితే, అది ఎవరి వాటా పైకప్పు అన్నది కొత్త తగవు. వానపాములను పెంచే ఆలోచన కూడా రాశారు. మేడ మీద మాత్రం వద్దు. 35 డిగ్రీలు దాటితే అవి తట్టుకోలేవు.

పెరట్లోనే, వేపచెట్టు కింద అవతలి మూలకు మార్చవచ్చు. మధ్యలో సందులు వదులుతూ ఇటుకలను మట్టితో పేర్చి మూడడుగుల దడి కట్టిస్తే డ్రమ్ముకంటే బాగా గాలి ఆడుతుంది. మహారాష్ట్రలోని పుసద్ రైతు నారాయణ్ దేవ్‌తావ్ పాండరీపాండే పేరు మీద నాడెప్ తొట్టి అని దేశమంతా వాడేది ఇదే కిటుకు. దానిది పెద్ద కొలత, మీకు చిన్నది చాలు. చిక్కు ఏమిటంటే, ఆ మూల కూడా ఉమ్మడిదే. ఆమెను అడగాలి. ఆమె వద్దంటే వద్దనే మాట పాటించాలి. అడిగేది ఊరికే మర్యాదకు, చేసేది నా ఇష్టం అనుకుంటే అడగకపోవడమే నయం.

ఇంకొకటి ఉంది, రాజీలాంటిది. వంటింటి చెత్త జోలికి పోకుండా, ఆకులతో మాత్రమే ఎరువు చేయడం. ఫిబ్రవరి, మార్చిలో మీ వేపచెట్టు పెరడంతా ఆకు రాలుస్తుంది. ఇప్పుడు ఊడ్చి తగలబెడుతున్నామని రాశారు. దాన్ని తడిపి, కాస్త పేడనీళ్లు చల్లి, దడిలో తొక్కి మూస్తే ఎనిమిది పది నెలలకు మంచి ఆకుమన్ను అవుతుంది. వాసన ఉండదు, ఈగలు రావు. మీ వంటింటి తొక్కలు మాత్రం చెత్తబండికే పోతాయి. నన్నడిగితే ఈ ఏడాదికి ఇది చేసి, వచ్చే ఏడాది ఆమె అభ్యంతరం లేకపోతే తొక్కలు కలపడం మేలనిపిస్తుంది. కానీ ఆ పెరట్లో ఉండేది మీరు, నేను కాదు.

ఏ దారి పట్టినా, ముందు ఒకసారి ఆ వాటాలోకి వెళ్లిరండి. అత్తగారిని రాయబారం పంపకండి. వచ్చే నెల ఆవిడ ఆ ఇంట్లో అన్నం తినాలి. సంక్రాంతి దాకా ఆగకండి, పండగపూట వెళితే నలుగురి మధ్య అది పలకరింపుగానే ముగిసిపోతుంది. పిల్లవాడు బడి నుంచి వచ్చే వేళకు వెళ్లండి. ఆసుపత్రికి రానందుకు ముందు ఆ పిల్లవాడితో మాట్లాడండి. తల్లి వింటుంది. డ్రమ్ములు చెప్పకుండా పెట్టడం నా తప్పని, టబ్బులు తీసేశానని ఆమెతో చెప్పండి. అక్కడ ఆపండి. దోమ తేటనీటిలో పుడుతుందని నేను పైన రాసిన పేరా చించి పట్టుకెళ్లవద్దు. ఆమె పోట్లాడవచ్చు, ఏడవవచ్చు, లోపలికి వెళ్లి తలుపు వేసుకోవచ్చు. తలుపు వేసుకుంటే మీకు అవమానంగా ఉంటుంది, ఆ రోజు ఉత్తచేతులతో తిరిగి వస్తారు. అయినా టబ్బులు లేని పెరడు ఆమెకు కిటికీలోంచి కనబడుతూనే ఉంటుంది. మాట కలిసిన తరువాత, ఆదివారం పూట రెండు వాటాల నీళ్ల తొట్టెలు, డ్రమ్ములు, కుండీల కింది పళ్లాలు అన్నీ ఒకేసారి ఖాళీ చేసి కడిగే ఏర్పాటు చేసుకోండి. ఆ పని ఆ పిల్లవాడికే అప్పగిస్తే ఎవరినీ వదలడు.

కోడిగుడ్డు పెంకులు అడిగారు. పొడి చేసి వేస్తే నష్టం లేదు, మీకు లాభమూ లేదు. అవి ఇచ్చేది సున్నం. అది మీ బోరు నీళ్లలో కావలసినంత ఉంది. బాత్రూం బకెట్ అడుగున గీకినా పోకుండా తెల్లగా పట్టి ఉంటుందే, అదే. నిమ్మచెట్టుకు దాన్ని ఇంకా తినిపించకండి. ఉల్లిపొట్టు, నిమ్మతొక్కలు కొద్దిగా అయితే వేయవచ్చు. కాఫీపొడి పిప్పి నిక్షేపంలా వేయవచ్చు.